అవసరం లేదండి

కనకాన్ని చంపింది డాక్టర్ హరిహరన్. ఈ విషయంలో ఏలుమలైకి అనుమానం లేదు, ఎన్నడూ లేదు. ఆమె మడమ మీద పుండు నల్లబడింది. నల్లబడిందంటే కండ చచ్చిందని. చచ్చినదాన్ని కోసి పారేస్తే కింద బతికినది మిగులుతుంది, పారేయకపోతే చావు పైకి పాకుతుంది. ఇంత తెలిసిన మనిషి, గోడల నిండా పట్టాలు తగిలించుకున్న మనిషి, తొందరపడండి అని ఒక్క మాట చెప్పలేదు. కనకం ఆస్పత్రి నుంచి ఒక్కతే ఇంటికొచ్చి ఆపరేషన్ చేయించుకోవాలంట అంది. ఎప్పుడని అడిగాడు. అదేమీ చెప్పలా అంది. ఏలుమలై అప్పుడు హెడ్ కానిస్టేబులు. బందోబస్తు డ్యూటీ అయిపోయాక చూద్దామనుకున్నారు. అయ్యేలోగా కాలు పోయింది, కాలు వెనకే మనిషి పోయింది. కత్తితో పొడిచి చంపితే సెక్షన్ ఉంటుంది. కత్తి పట్టకుండా చంపితే ఉండదు. అంతే తేడా.

ఆ హరిహరన్ ఇప్పుడు పుదుచ్చేరి పోలీస్ స్టేషన్లో గోడ వారన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నలిగింది. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఉద్యోగం అయిపోయాక ఏలుమలై లాయర్ల కోసం కూపీలు లాగే పని పెట్టుకున్నాడు. పొద్దున హరిహరన్ తరఫు లాయరు సుధ ఫోన్ చేసి, ‘ఆ డాక్టరంటే నీకు పడదని తెలుసన్నా. ఐనా అడగతాండా’ అంది. అతను వెంటనే ఒప్పుకున్నాడు. కాపాడదామని కాదు. ఈసారి రుజువయ్యే తప్పు చేసి ఉంటే దగ్గరుండి చూడాలని.

కేసు చిన్నది. కిరుమాంబాక్కంలో పొలాలున్న కృష్ణస్వామి అనే పెద్దాయన కదిర్కామంలో కొడుకు గురు ఇంట్లో ఉంటున్నాడు. చక్కెర జబ్బు. చెప్పు కరిచిన చోట మడమ పుండు పడింది. రోజూ కట్టు కట్టడానికి యానాం నుంచి వచ్చిన వీరబాబు అనే నర్సు ఇంటికొస్తాడు. సోమవారం హరిహరన్ చూసి, మర్నాడే డిబ్రైడ్‌మెంట్ చేయాలన్నాడు. అంటే చచ్చిన కండను చెక్కి తీసేయడం. మర్నాడు అది జరగలేదు. నర్సింగ్ హోం వాళ్ళు శుక్రవారానికి జరిపారు. గురువారం తెల్లవారేసరికి విషం రక్తానికెక్కి పెద్దాయన పోయాడు. జరపమన్నది ఇంటివాళ్ళేనని నర్సింగ్ హోం అంటుంది. జరిపింది నర్సింగ్ హోమేనని ఇల్లంటుంది. దీనికి తోడు పోస్టుమార్టంలో ఒక కొత్త సంగతి బయటపడింది. పుండు లోపల కత్తి గాట్లు ఉన్నాయి.

“కూర్చో అన్నా,” అన్నాడు హరిహరన్, బెంచీ మీద జరిగి.

“నిలబడే అడగతా. కత్తి పెట్టినావా?”

“లే.”

“మరి గాట్లు యాడ నుంచి వచ్చినాయి?”

“నాకు తెలీదు. నేను ఫోర్సెప్స్ పెట్టి చూసినా, అంతే. మడమ కింద బొక్క శానా లోతు. లోపల ఏందో తగిలింది. ఎముక్కాదు. మెత్తగా, నార మాదిరి. తెరిస్తే తెలుస్తాదని చెప్పినా.”

“ఎవురికి చెప్పినావు?”

“గురుకి. కట్టు కట్టే వీరబాబుకి. ఇద్దురూ పక్కనే ఉండారు.”

“తొందర అని చెప్పినావా?”

“చెప్పకుండా ఉంటానా?”

“కొందురికి చెప్పవు గదా నువ్వు.”

హరిహరన్ కళ్ళద్దాలు పెట్టుకుని అతని ముఖంలోకి చూశాడు. ఎవరో అప్పుడు గుర్తుపట్టాడు. ఏదో అనబోయాడు. ఏలుమలై అప్పటికే వెనక్కి తిరిగాడు. ఒకచోట నిలబడడం ఆ పొద్దు అతనికి చేతకావడం లేదు. బూటు కాలు దానంతట అదే నేలను తడుతోంది.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ తమిళ్‌సెల్వన్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఏలుమలై కింద పని నేర్చుకున్నవాడు, పరీక్షలు రాసి పైకి పోయినవాడు. తెలుగు రాదు. వాళ్ళిద్దరి మాటలూ తమిళంలోనే.

“ఏమన్నే, ఈ మనిషిని ఉరితీయాలని ఈ స్టేషనంతా చెప్పుకుని తిరిగింది మీరే కదా? తీరా నేను తీస్తానంటే అడ్డమొస్తున్నారు!”

“అడ్డం రాలేదు తంబీ. తాడు గట్టిదా కాదా అని చూసి పోదామని వచ్చా.”

“గట్టిదే. సోమవారం తన గదిలోనే కోయడం మొదలుపెట్టాడు. ఎక్కడో వికటించింది. కట్టు కట్టి పంపేశాడు. మర్నాడు తీసుకొస్తే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి శుక్రవారానికి నెట్టాడు. ఈలోగా మనిషి పోతే ఆ చావు ఇంటివాళ్ళ మీదికి పోతుంది. చాలా?”

“కోసింది ఎవరు చూశారు?”

“పుండు చూసింది. సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నా. అప్పటిదాకా మీ ఇష్టం, ఎక్కడ తిరుగుతారో తిరగండి. టీ తాగి పోండి.”

“నీ టీ నువ్వే తాగు,” అని ఏలుమలై మెట్లు దిగాడు.

*

నర్సింగ్ హోంలో ఫోన్లు ఎత్తే అమ్మాయి పేరు కీర్తిక. ఈ ఊళ్ళోనే పుట్టిన తెలుగింటి పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. తర్వాత నిన్నే పట్టుకుపోతారని ఎవరో చెప్పి భయపెట్టారు.

“మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. ఎవురు చేసినారు?”

“వీరబాబు అన్న. తనే చేసినానని పోలీసులతో ఆయన కూడా ఒప్పుకున్నాడంట. ఎన్ని గంటలకు తీసుకరావాలని అడిగితే నేనే శుక్రవారం రమ్మన్నానంట! నేనెందుకంటా మామా? లిస్టులో మొదటి పేరే తాతది.”

“ఏడుపు ఆపు. ఆ మనిషి ఏమన్నాడు?”

“తొందర లేదన్నాడు.”

“తొందర అనే మాటే అన్నాడా?”

“ఆ.”

“బాగా తలుచుకో. నీ మాట నాకొద్దు. ఆయప్ప నోట్లో నుంచి వచ్చింది వచ్చినట్టు చెప్పు.”

ఆమె కళ్ళు మూసుకుంది. ఏలుమలై బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. బల్ల మీద క్యాలెండరు తీసి మళ్ళీ పెట్టాడు.

“‘పెద్దాయనకి ఆపరేషన్ అవసరం లేదండి’ అన్నాడు. ఇంతే మామా. టీవీలో మాట్లాడినట్టు మర్యాదగా అన్నాడు. సరి, తొందర లేదంటాండారు గదా, పొద్దున్నే యాక్సిడెంట్ కేసొకటి వచ్చిండాది, దాన్ని ముందు పెట్టి తాతను శుక్రవారానికి జరిపినా, అన్నకు కూడా చెప్పినా. డాక్టరు థియేటర్లో నుంచి బయటికొచ్చి విని, అంత పుండు పెట్టుకుని తొందర లేదంటారా, ఇంకో డాక్టరు దగ్గరికి పోయింటారు పో అని కోప్పడినాడు.”

ఏలుమలై బూటు చప్పుడు ఆగింది.

“అవసరం లేదండి అన్నాడా? ఇంకోసారి చెప్పు.”

“అవసరం లేదండి.”

“అంటే ఏంది?”

“ఏంది మామా, తెలుగు తెలీనట్టు అడగతావు? అవసరం లే అంటే తొందర లే. నిదానంగా చేయొచ్చని.”

ఏలుమలై కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి అతను కూర్చోవడం అదే మొదలు.

పెళ్ళయిన కొత్తలో ఒకనాడు వాకిట్లో నుంచి కనకాన్ని కేకేశాడు. అవసరంగా రా అన్నాడు. ఆమె చేతిలో పని దించకుండా, ‘నాతో ఏం అవసరం పడింది మీకు?’ అంది. తలుపు వెనక అతని తల్లి నవ్వి నవ్వి కూలబడింది. కనకానిది సూళ్ళూరుపేట. అక్కడ అవసరమంటే కావలసి రావడం. ఈ ఊరి తెలుగువాళ్ళు తరాలుగా తమిళం పక్కన బతికినవాళ్ళు. వాళ్ళ నోట అవసరమంటే తొందర, ఆదరాబాదరా. ఒకే మాట. ఇక్కడొకటి, అక్కడొకటి. సూళ్ళూరుపేట పిల్లను చేసుకోకపోతే ఆ తేడా అతనికీ తెలిసేది కాదు.

వీరబాబుది యానాం. పుదుచ్చేరి కిందే ఉన్న ఊరు, కానీ గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి తెలుగు సూళ్ళూరుపేట తెలుగుకు చుట్టం. ఆపరేషన్ అక్కరలేదు, మానేయండి అన్నాడు వాడు. నిదానంగా చేయొచ్చన్నాడని ఈ పిల్ల అనుకుంది. అందుకే పేరు కొట్టేయకుండా జరిపింది. ఈమె అబద్ధమాడితే తన భాషలో, అవసరం లే అని ఆడుతుంది, ‘లేదండి’ అనదు. తనకు అర్థం కాని అబద్ధాన్ని ఎవరూ అల్లలేరు.

డాక్టరు కాదు. ఆ ఇంట్లోనే ఎవరో.

ఏలుమలై వీధిలోకి వచ్చి బండి స్టార్ట్ చేశాడు. ఆపాడు. మళ్ళీ స్టార్ట్ చేసి మళ్ళీ ఆపాడు. నోరు మూసుకుంటే చాలు. అవసరం అనే మాట గురించి తమిళ్‌సెల్వన్‌కి ఈ జన్మలో తెలియదు. సాయంత్రానికి హరిహరన్ జైలు గేటు లోపల ఉంటాడు. ఏ మనిషి కోసం ఇన్నేళ్ళు పళ్ళు కొరుక్కున్నాడో ఆ మనిషి, తను వేలు కూడా కదపకుండా. ఇంకొకటి కూడా ఉంది. ఈ మాటను బయటికి లాగితే దాని వెనకాల ఇంకేదో కదులుతోంది. అదేమిటో ఏలుమలై చూడదలుచుకోలేదు. తల విదిలించాడు.

కృష్ణస్వామి చావుకు పడే శిక్ష కనకం చావుకు చెల్లదు. ఎవరి బాకీ వాళ్ళదే. బండి కదిర్కామం వైపు తిప్పాడు.

*

గురుకి తల గొరిగించారు. తండ్రి పోయిన ఇల్లు, పొయ్యి మీద ఏమీ లేదు. ఏలుమలై డాక్టరు లాయరు మనిషని వినగానే అతని ముఖం మాడింది.

“డాక్టరు పంపించినాడా నిన్ను? చంపిందీ చాలకుండా?”

“నన్నెవురూ పంపలేరు నాయనా. మీ నాయన పండుకున్న గది చూపించు. ఆ కట్టు కట్టే మనిషిని కూడా రమ్మను.”

“ఈడే ఉండాడు. మా నాయన పోయినప్పట్నుంచి మాతోనే ఉండాడు. మా కంటే వాడే ఎక్కువ ఏడ్చినాడు.”

వీరబాబు వెనక గది నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళుండవు. శుభ్రమైన చొక్కా, కత్తిరించిన గోళ్ళు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే వీధిలో జీపు ఆగింది. తమిళ్‌సెల్వన్ దిగాడు. నర్సింగ్ హోం నుంచి ఏలుమలై ఎటు వెళ్ళాడో ఎవరో చేరేశారు.

“మా సాక్షులను బెదిరించడానికి వచ్చారా అన్నే?”

“గది చూడడానికి వచ్చా. నువ్వు చూశావా?”

“చూశా. మంచం ఉంది, గోడలున్నాయి.”

“అయితే సగం చూశావు.”

గదిలో ఇనప మంచం, కిటికీలో మందు సీసాలు. చావు ఇంటి పద్ధతి ప్రకారం పరుపు బయట పారేశారు, నేల కడిగారు. గోడలకు నడుము ఎత్తు దాకా లేత ఆకుపచ్చ రంగు. ఏలుమలై మంచం కాళ్ళ వైపు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మంచం కమ్మీ లోపలి వైపు, దాని వెనక గోడ మీద, కడిగిన చేతికి అందని చోట గోధుమరంగు చుక్కలు వరసగా ఎండి ఉన్నాయి.

“ఇదేంది?”

“బెటాడినండి,” అన్నాడు వీరబాబు. “కట్టు కట్టేటప్పుడు రోజూ చిందుద్దండి, ఆయ్.”

తమిళ్‌సెల్వన్‌కి బెటాడిన్ అన్న మాటొక్కటే అర్థమైంది. “పుండు కడిగే మందు. నాక్కూడా చెప్పాడు. ఇంకేం కావాలి?”

ఏలుమలై కిటికీలో నుంచి రెండు సీసాలు తీశాడు. ఒకటి బెటాడిన్. రెండోది పుండు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్. కనకం మడమకు రోజూ తన చేత్తో పోసినవే రెండూ. ఏది దేని మీద పడితే ఏమవుతుందో అతనికి పాఠం అక్కర్లేదు. గోడ మీద ఖాళీ చోట ఒక బెటాడిన్ చుక్క అద్ది ఆరేదాకా ఊదాడు. దాని మీద పెరాక్సైడ్ పోశాడు. బుడగ ఒకటో రెండో లేచి చల్లారింది. తర్వాత కమ్మీ వెనక ఎండిన చుక్కల మీద పోశాడు.

తెల్లటి నురగ చుర్రుమని పొంగి గోడ మీద నుంచి కారింది.



“నెత్తురు చూస్తే ఇది ఇట్టా పొంగుతుంది తంబీ,” అన్నాడు ఏలుమలై తమిళంలో.

“ముసలాయన గడ్డం గీసుకుంటూ తెగి ఉండొచ్చు.”

“మంచం కాళ్ళ వైపు కూర్చుని, కాలికి గడ్డం గీసుకున్నాడా?”

గుమ్మంలో కానిస్టేబులు దగ్గినట్టు నవ్వాడు. తమిళ్‌సెల్వన్ వాడి వైపు ఒక చూపు చూశాడు. కానీ వంగి ఆ నురగను తనూ వేలితో తాకాడు.

“చచ్చిన కండను కోస్తే నెత్తురు రాదు,” అన్నాడు ఏలుమలై. “పైన నల్లగా ఉన్నదంతా చచ్చినదే. కత్తి అది దాటి బతికిన కండలోకి పోతేనే ఇట్టా చిమ్ముతుంది. కోసింది డాక్టరు గదిలో కాదు. ఇక్కడ, ఈ మంచం మీద.”

“సరే. కోసింది ఎవరు?”

ఏలుమలై లేచి మోకాళ్ళు దులుపుకుని తెలుగులోకి మారాడు. “వీరబాబూ, స్టేషన్‌కి వచ్చి ఒక సంతకం పెట్టాల. అవసరం లే.”

“అవసరం లేకపోతే మరి రావటం ఎందుకండి?”

గురు చిరాగ్గా అన్నాడు. “తొందర లేదంటాండాడు వీరబాబూ. నిదానంగా రమ్మని.”

“అదేంటండి, అవసరం లేదంటే అక్కర్లేదని కదండి...”

మాట సగంలో ఆగిపోయింది. వీరబాబు చూపు ఏలుమలై ముఖం మీద నిలిచింది. తను ఎక్కడ కాలు పెట్టాడో అతనికింకా తెలియలేదు. ఎక్కడో పెట్టాడని మాత్రం తెలిసింది.

“గురూ,” అన్నాడు ఏలుమలై అతని మీద నుంచి చూపు తిప్పకుండా, “మీ నాయనకు ఆపరేషన్ మానేయండని నువ్వు చెప్పాలంటే ఏమంటావు?”

“వేణాం అంటా. వద్దని.”

“అవసరం లేదండి అంటావా?”

“అదెందుకంటా? అట్టంటే తర్వాత చేయండని గదా?”

“ఆడ ఫోనెత్తిన పిల్ల కూడా నీ మాదిరే అనుకునింది. తర్వాత చేద్దామని జరిపింది. అవసరం లేదండి అని ఆ పిల్లతో చెప్పింది ఈ మనిషి. నర్సింగ్ హోం వాళ్ళే శుక్రవారానికి జరిపినారని నీతో చెప్పింది కూడా ఈ మనిషే.”

అదే మాటను అతను తమిళంలో తమిళ్‌సెల్వన్‌కి చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మొదట పెదవి విరిచాడు. “ఒక మాట పట్టుకుని కేసు కట్టమంటారా? కోర్టులో నవ్వుతారు.”

“కోర్టుకు నెత్తురుంది. మాట నీకు. అవసరం ఇల్లె అంటే నువ్వేమనుకుంటావు?”

“తొందర లేదని.” అనేసి తమిళ్‌సెల్వన్ ఒక్క క్షణం ఆగాడు. అతని కనుబొమలు దగ్గరికొచ్చాయి. “ఆ పిల్ల కూడా...” అని, మిగతాది మింగి వీరబాబు వైపు తిరిగాడు.

వీరబాబు మంచం కమ్మీ పట్టుకున్నాడు.

“డాక్టరుకి ఫోర్సెప్స్‌తో ఏందో తగిలింది,” అన్నాడు ఏలుమలై. “నార మాదిరి మెత్తగా ఉందన్నాడు. నువ్వు పక్కనే ఉండావు. ఆ బొక్కలో రోజూ నార మాదిరిది కుక్కేది ఎవురు?”

ఏలుమలై ఒక అడుగు దగ్గరికి వేశాడు.

“గాజుగుడ్డ. పాతది తీసి కొత్తది పెట్టాల. ఒకరోజు పాతది లోపలే వదిలేసి దాని మీద కొత్తది కుక్కినావు. అది లోపల కుళ్ళింది. దాని చుట్టూ మనిషి కుళ్ళినాడు.”

“చిన్న ముక్కండి,” అన్నాడు వీరబాబు. “ఎప్పుడు ఉండిపోయిందో తెలీదండి. డాక్టర్ గారు ఏదో తగిలిందన్నప్పుడే నాకు తెలిసిపోయిందండి. ఇంతకుముందు ఒకచోట ఇలాగే పని పోగొట్టుకున్నానండి. ఆయన తెరిస్తే నా పేరు పోద్ది. ఇంక ఎక్కడా కట్టు కట్టనివ్వరండి నన్ను. ఆ సాయంత్రమే నేనే తీసేద్దామనుకున్నానండి. తీసేస్తే మానిపోద్ది కదండి, ఆపరేషన్‌తో పని లేదు కదండి అనుకున్నాను...”

“బ్లేడుతోనా?”

“ఆయ్. రాలేదండి. పాచిపోయి పీలికలు పీలికలుగా వచ్చిందండి. లాగినకొద్దీ తెగుద్ది. ఇంకా లోపలికి కోశానండి. రక్తం ఆగలేదు. పెద్దాయనకి కాల్లో స్పర్శ లేదు కదండి. పేపర్ చదువుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి, ‘అయిందా వీరబాబూ’ అని అడిగారండి. అయిపోయిందండి అన్నాను.”

గురు గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. “పక్క గదిలోనే ఉండా నేను,” అన్నాడు ఎవరితోనో. “మా నాయన కాఫీ అడిగినాడు. నేనే కలిపిచ్చినా. దుప్పటి కప్పుకోనుండాడు.”

“అంతా వచ్చిందా?” అని ఏలుమలై అడిగాడు.

“వచ్చిందనే అనుకున్నానండి.”

ఏలుమలై తమిళంలో చెప్పాడు. తమిళ్‌సెల్వన్ అప్పటికే ఫోన్ తీశాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరుతో మాట్లాడాడు. మడమ కండ పరీక్ష కోసం సీసాలో పెట్టి ఉంది. అందులో దారం పోగులుంటాయి, వెతకమన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాడు. ఏలుమలై గుమ్మం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. వీరబాబు కళ్ళు ఆ ఫోన్ మీదే ఉన్నాయి.

“ఆ,” అన్నాడు తమిళ్‌సెల్వన్ చివరికి. “ఆ, సార్. సరే సార్.”

ఫోన్ జేబులో వేసుకున్నాడు. “ఉన్నాయంట. కండ నారలనుకుని వదిలేశారంట. కడిగి చూస్తే అల్లిక కనబడుతోందంట.” కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. వీరబాబును జీపు దగ్గరికి నడిపించారు. గడప దగ్గర అతను అలవాటుగా తన చెప్పుల జత సరిచేసి వేసుకున్నాడు.

“అన్నే,” అన్నాడు తమిళ్‌సెల్వన్, టోపీ సర్దుకుంటూ. “ఒకటి అడుగుతా. ఆ డాక్టరును ఇంత అసహ్యించుకునే మనిషి, నోరు మూసుకుని ఉంటే పోయేది కదా? నేను మాత్రం మూసుకునేవాణ్ణి.”

“నువ్వు మూసుకుంటావని తెలిసే నేను తెరిచా.”

*

సాయంత్రం సుధకు కాగితాలు అందించడానికి ఏలుమలై స్టేషన్‌కి రాక తప్పలేదు. పని ముగించుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలుపు వినబడింది.

“అన్నా, ఒక్క నిమిషం.”

హరిహరన్. వదిలేశారు. సంచీ చంకలో పెట్టుకుని ఆదరాబాదరా దిగి వస్తున్నాడు.

“నీకు దండం పెట్టాలన్నా నేను.”

“పెట్టొద్దు. నీ కోసం చేయలా.”

“సరి. పెట్టను. ఒక మాట మాత్రం చెప్పనీ. ఆ మాట సంగతి సుధ చెప్పింది. అవసరం సంగతి. చెప్పినప్పట్నుంచి నీ కోసమే చూస్తాండా.” అతను మెట్టు మీదే ఆగిపోయాడు. “మీ ఆమె నా దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం అన్నా. ఒక్కతే వచ్చింది. ఆపరేషన్ అవసరమమ్మా అని చెప్పినా. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు చెప్పినా. అవసరం, అవసరం అని. సరేనని తలాడించి పోయింది. ఈ పొద్దో రేపో వస్తారని చూసినా. మీరు రాలే. ఎందుకు రాలేదో నాకు ఇన్నేళ్ళూ అర్థం కాలే.”

వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఏలుమలై అది మలుపు తిరిగేదాకా చూశాడు.

తొందర అని ఆయన చెప్పాడు. చేయించుకోవాలని ఆమె విన్నది. విన్నదే ఇంటికి తెచ్చి చెప్పింది.

“మీ ఆమెది ఏ ఊరన్నా?” హరిహరన్ గొంతు తగ్గింది. “ఈ ఊరు కాదా?”

“సూళ్ళూరుపేట.”

డాక్టరు ముఖంలో నెత్తురు దిగిపోయింది. చేయి చాచి ఏలుమలై భుజం పట్టుకోబోయాడు. ఏలుమలై ఒక మెట్టు దిగాడు. చేయి గాలిలో ఉండిపోయింది.

“అన్నా...”

“విను. మన్నించినానని అనుకోబాక. తప్పు నాదని చెప్పించాలనీ చూడబాక.” అతను బండి తాళం వేలికి తగిలించుకున్నాడు. “ఆమె పేరు ఇంగ నీ నోట రాకూడదు. ఈ అవసరం సంగతి ఇంగ నా నోట రాదు. సుధ అడిగినా రాదు, నా కొడుకు అడిగినా రాదు, చచ్చేటప్పుడు అడిగినా రాదు. అయిపోయింది.”

“ఒక్కటే అన్నా, నేను—”

“అయిపోయిందని చెప్పినా గదా,” అన్నాడు ఏలుమలై, బండి స్టార్ట్ చేశాడు.